నలభై ప్రశ్నల కాగితం పక్కన పెట్టండి

ప్రశ్న: నేను నల్లగొండలో ఎం.ఎస్.డబ్ల్యూ. (సోషల్ వర్క్ పీజీ) రెండో సంవత్సరం చదువుతున్నాను. దేవరకొండ వైపు ఒక పల్లె దవాఖాన పరిధిలో ఫీల్డ్‌వర్క్ ఇచ్చారు. దసరా సెలవుల తర్వాత ప్రాజెక్టు మొదలుపెట్టి జనవరి ఆఖరుకి రిపోర్టు ఇవ్వాలి. 'గ్రామీణ ప్రజల్లో బీపీ, షుగర్ పట్ల అవగాహన' అని టైటిల్ పెట్టుకుని 40 ప్రశ్నలు రాసుకున్నాను. 100 మందిని అడిగి, అవగాహన సదస్సు పెట్టి, మళ్లీ అవే ప్రశ్నలు అడుగుదామనుకున్నాను. మా సార్ చూసి 'ఇది సర్వే, నేనడిగింది యాక్షన్ రీసెర్చ్' అని తిప్పి పంపారు. రెండింటికీ తేడా ఏమిటి? ఎంతమందిని తీసుకోవాలి? కంట్రోల్ గ్రూపు (ఏ మార్పూ చేయకుండా, పోల్చడానికి పెట్టుకునే గుంపు) ఉండాలా? అక్కడి ఆశా కార్యకర్త నాతో ముభావంగా ఉంటున్నారు. ఆమె లేకుండా చేయొచ్చా?
- ఒక విద్యార్థిని, నల్లగొండ

సమాధానం: మీ సార్ చెప్పింది నిజమే. సదస్సుకు ముందు 40కి 15 వచ్చిన మనిషికి తర్వాత 28 వచ్చాయనుకోండి. మీరు చెప్పింది ఆమె శ్రద్ధగా విన్నదని తెలుస్తుంది. ఇంటికెళ్లి గోలీ మింగిందో లేదో మాత్రం తెలియదు. బీపీ ఉంటే ఉప్పు తగ్గించాలని, గోలీ రోజూ వేసుకోవాలని ఆమెకు సిస్టరమ్మ ఎన్నోసార్లు చెప్పే ఉంటుంది. తెలిసినా ఎక్కడ ఆగిపోతోంది అన్నదే మీరు పట్టుకోవాల్సిన సంగతి.

సర్వేలో మీరు అడుగుతారు, వాళ్లు చెబుతారు, మీరు బస్సెక్కి వస్తారు. యాక్షన్ రీసెర్చ్‌లో ఆ పనిలో రోజూ ఉండేవాళ్లతో కూర్చుని ఒక చిన్న పద్ధతిని మారుస్తారు, మార్చాక ఏమైందో లెక్క చూస్తారు, ఆ లెక్కను వాళ్ల ముందే పెట్టి, సరిదిద్ది రెండోసారి నడుపుతారు. 1940లలో కర్ట్ లెవిన్ అనే సామాజిక మనస్తత్వ శాస్త్రవేత్త ఈ పద్ధతికి పేరు పెట్టినప్పుడు చెప్పింది ఇదే: ఆలోచించడం, చేయడం, ఏం జరిగిందో చూడటం, మళ్లీ ఆలోచించడం. ఒక్క చుట్టుతో ఆపేస్తే అది మామూలు కార్యక్రమం కిందికే వస్తుంది. వైవాలో (నోటి పరీక్షలో) మిమ్మల్ని మొదట అడిగేది కూడా మొదటి చుట్టు చూశాక రెండో చుట్టులో ఏం మార్చారనే.

ఇక విషయం. 'గ్రామీణ ప్రజలు', 'అవగాహన' అనే రెండు మాటలూ తీసేయండి. ప్రశ్న ఎంచుకునేటప్పుడు మూడు సంగతులు చూసుకోవాలి. అది ఆ ఊళ్లోవాళ్ల చేతిలో ఉన్న పనేనా? దాని గురించి అక్కడ ఎవరైనా ఇప్పటికే విసుక్కుంటున్నారా? మారిందో లేదో చెప్పడానికి ఇప్పటికే రాస్తున్న రికార్డు ఏదైనా ఉందా? మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల విద్యార్థులు చాలామంది ఫ్లోరోసిస్ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఎముకల జబ్బు) తీసుకుంటారు. వంగిపోయిన ఎముకను మూడు నెలల్లో ఎవరూ సరిచేయలేరు. కానీ ఒక వాడలో తాగడానికి బోరు నీళ్లు ఎన్ని ఇళ్లు, మిషన్ భగీరథ కింద ప్రభుత్వం ఇచ్చే నల్లా నీళ్లు ఎన్ని ఇళ్లు పడుతున్నాయి, నల్లా ఉండి కూడా బోరుకే ఎందుకు పోతున్నారు అన్నది మూడు నెలల్లో కదిలించగల ప్రశ్న.

చర్య ఎలాంటిది ఎంచుకోవాలో తెలియాలంటే మన జిల్లా పేరుతోనే ఉన్న 'నల్లగొండ టెక్నిక్'ను చూడండి. 1970లలో నాగపూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన పద్ధతి అది. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కలియబెట్టి తేరనిస్తే ఫ్లోరైడ్ తగ్గుతుంది. రసాయనం దాని పని అది చేస్తుంది. అయితే ఇంట్లో చేయాలంటే నీళ్లను బట్టి మోతాదు చూడాలి, కలపాలి, తేరేదాకా ఆగాలి, అడుగున దిగిన మడ్డి పారబోయాలి, అదీ రోజూ. ఆ పనంతా మీద పడేది తెల్లారకముందే వంట ముగించి కూలికి పోయే ఇల్లాలికి. మీ ప్రాజెక్టులో ఏ చర్య అనుకున్నా దాని పక్కన 'ఇది రోజూ ఎవరు చేయాలి, ఎన్ని నిమిషాలు' అని రాసుకోండి. పది నిమిషాలు దాటితే ఇంకోటి వెతకండి.

మీరు బీపీ, షుగర్ అన్నారు కాబట్టి దాన్నే బిగిద్దాం. మీ ప్రాజెక్టు నడిచే నెలలు పత్తి ఏరే నెలలు. ఏరే కూలి కిలోల లెక్కన ఇస్తారు కనుక ఒక పూట పోతే ఆ పూట డబ్బులు పోతాయి. దవాఖాన తొమ్మిదికి తెరిచి నాలుగుకి మూస్తే, ఏడింటికి ఆటో ఎక్కి చేనుకు పోయి చీకటి పడ్డాక తిరిగొచ్చే మనిషి నెల గోలీలు ఎప్పుడు తెచ్చుకుంటుంది? టైటిల్ ఇలా ఉండొచ్చు: 'పత్తి ఏరే కాలంలో బీపీ, షుగర్ గోలీలు గడువుకి అందేలా పల్లె దవాఖాన పద్ధతిని మార్చడం: ఒక ఆవాసంలో యాక్షన్ రీసెర్చ్'. పొడుగుగానే ఉంది, పరవాలేదు. ఎక్కడ, ఎప్పుడు, ఏది మారుస్తున్నారో అందులో ఉంది.

ఎంతమంది అంటారా? ఒక ఆవాసమో ఒక వాడో తీసుకుని, అక్కడ గోలీల మీద ఉన్నవాళ్లందరినీ తీసుకోండి. 25 నుంచి 35 మంది చాలు. శాంపిల్ లెక్కలు అక్కర్లేదు, ఎందుకంటే మీరు కొందరిని చూసి జిల్లా అంతటి గురించి చెప్పబోవడం లేదు.

క్యాలెండరులో ఒక గుంట ఉంది, చాలామంది అందులో పడతారు. గోలీలు ఇచ్చేది నెలకోసారి. అంటే మీ చర్య ప్రతి మనిషినీ ఒక్కసారి తాకాలన్నా నాలుగు వారాలు కావాలి. 'మొదటి చుట్టు రెండు వారాలు' అని ప్రణాళికలో రాస్తే సగం మందికి గడువే రాదు, వచ్చిన అంకెకు అర్థం ఉండదు. అక్టోబరు చివరి వారం నుంచి జనవరి ఆఖరుకి మీ చేతిలో ఉన్నవి 14 వారాలు. మొదటి మూడు వారాలు రికార్డు చూడటానికి, ఇళ్లు తిరగడానికి. నాలుగో వారం కూర్చుని మాట్లాడటానికి. 5 నుంచి 8 దాకా మొదటి చుట్టు, తొమ్మిదో వారం మళ్లీ కూర్చోవడం, 10 నుంచి 13 దాకా రెండో చుట్టు. ఆఖరి వారం రిపోర్టుకు సరిపోదు. అందుకే పరిచయం, పద్ధతి అధ్యాయాలు మొదటి చుట్టు నడుస్తున్నప్పుడే రాసేయండి. సంక్రాంతి రెండో చుట్టు నడుమ పడుతుంది. ఆ వారం గోలీలు తీసుకునేవాళ్లు తగ్గుతారు, దాన్ని వైఫల్యం అనుకోకండి. పైగా హైదరాబాద్‌లో ఉండే కొడుకులు, కోడళ్లు ఊళ్లో దొరికేది అప్పుడే. ముసలివాళ్ల మందులు ఎవరు చూసుకుంటున్నారో వాళ్లతో మాట్లాడే అవకాశం మళ్లీ రాదు.

అనుమతులకు ఫీల్డ్‌వర్క్ లెటర్ ఒక్కటే చాలదు. కాలేజీ ఎథిక్స్ కమిటీ, జిల్లా వైద్యాధికారి కార్యాలయం, పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) మెడికల్ ఆఫీసర్, గ్రామ పంచాయతీ, ఈ వరసలో కాగితాలు కదలాలి. కమిటీ ఒప్పుకోకముందు రిజిస్టరు నుంచి ఒక్క పేరు కూడా రాసుకోవద్దు. సమ్మతి పత్రం తెలుగులో ఒకటిన్నర పేజీ మించకూడదు. చదువు రానివాళ్లకి చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలి, పక్కన చదువొచ్చిన సాక్షి సంతకం ఉండాలి. 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం ఆ సాక్షికి మీ పరిశోధనతో సంబంధం ఉండకూడదు. ఆశా కార్యకర్త మీ జట్టులో మనిషి కాబట్టి ఆమె సాక్షి సంతకం చెల్లదు. ఈ తప్పు దాదాపు ప్రతి ఫైలులో కనిపిస్తుంది. తండాలో చేస్తే లంబాడీలో చదివి చెప్పే మనిషి ఉండాలి, తెలుగు అర్థమవుతుంది కదా అని వదిలేయొద్దు. 'ఒప్పుకోకపోయినా మీ గోలీలు మీకు వస్తాయి' అన్న వాక్యం పత్రంలో మొదటి అయిదు లైన్లలోనే రావాలి. జనం సంతకం పెట్టేది చాలాసార్లు ఆ భయంతోనే. పేర్లకు బదులు నంబర్లు వాడండి. ఏ నంబరు ఎవరిదో చెప్పే కాగితం వేరేచోట తాళం వేసి పెట్టండి. బ్యానరు ముందు రోగులను నిలబెట్టి ఫొటోలు తీసే అలవాటు ఈసారికి మానుకోండి.

రికార్డు చూసేటప్పుడు మొదట స్టాకు చూడాలి, తర్వాతే మనుషులు. గత మూడు నెలల్లో దవాఖానలో ఏ గోలీ ఎన్ని రోజులు లేదో రాసుకోండి. మందే లేని వారం మనిషి రాలేదని లెక్కేస్తే మీ ప్రాజెక్టు మొదట్లోనే తప్పుదారి పడుతుంది. ఆ తర్వాత ఒక్కొక్కరికీ రెండు తేదీలు: ఎప్పుడు తీసుకోవాలి, ఎప్పుడు తీసుకున్నారు. గడువు తర్వాత వారంలోపు తీసుకున్నవాళ్లు ఎంతమంది? మీ ప్రధాన కొలత ఇదొక్కటే.

రెండో కొలతగా ఇంటికెళ్లి గోలీలు లెక్కపెట్టండి. 30 గోలీలు ఇచ్చి 24 రోజులైంది, రోజుకొకటి, ఇంకా 12 మిగిలాయనుకుందాం. మింగినవి 18, మింగాల్సినవి 24, అంటే 75 శాతం. 80 శాతం మింగితే సరిగ్గా వాడుతున్నట్టే అని గీత పెట్టుకోవడం పరిశోధనల్లో మామూలు. కానీ ఈ లెక్క చాలా తేలిగ్గా మోసం చేస్తుంది. పోయిన నెల మిగిలిన షీట్ ఇందులో కలిసి ఉండొచ్చు. మొగుడూ పెళ్లాం ఇద్దరికీ ఒకే గోలీ అయితే ఒకే షీట్ నుంచి ఇద్దరూ తీస్తుంటారు. మధ్యలో ఆర్‌ఎంపీ (ఊళ్లో వైద్యం చేసే ప్రైవేటు మనిషి) వేరే రంగు గోలీ ఇచ్చి ఉంటాడు. మీరొస్తున్నారని ముందే తెలిస్తే గోలీలు పెంటకుప్పలోకి పోతాయి. అందుకే ఇంట్లో ఉన్న మందుల కవరంతా చాప మీద పరచమని, ఏది ఎవరిదో వాళ్లతోనే చెప్పించుకోండి. బీపీ మీరు చూడొద్దు, అది సిబ్బంది పని. వాళ్లు చూసేటప్పుడు మాత్రం మనిషి అయిదు నిమిషాలు కూర్చున్నాడా, అరగంటలోపు చాయ్, బీడీ తాగలేదు కదా, చేయి గుండె ఎత్తులో ఉందా, రెండుసార్లు చూశారా అన్నది గమనించి రాసుకోండి. 180/110 దాటిన రీడింగ్ కనబడితే అదే రోజు డాక్టరుకు చూపించాలి. మాట తడబడటం, ఛాతీనొప్పి, ఒక పక్క చేయీ కాలూ పడిపోవడం ఉంటే 108. ఇది ముందే కాగితం మీద రాసి మెడికల్ ఆఫీసర్ సంతకం తీసుకోండి.

నాలుగో వారం కూర్చునే సమావేశానికి 8 నుంచి 10 మంది సరిపోతారు: గోలీలు వాడే ముగ్గురు నలుగురు, ఒక కోడలో కొడుకో, ఆశా, ఏఎన్ఎం (ఊరి నర్సు), మహిళా సంఘం నుంచి ఒకరు, అంగన్‌వాడీ టీచర్. డాక్టరు ఎదురుగా ఉంటే రోగులు నోరు విప్పరు, ఆయన్ను తర్వాత విడిగా కలవండి. సమయం రాత్రి ఏడు తర్వాతే. స్థలం గురించి గట్టిగా ఆలోచించండి. ఊరి నడుమ పంచాయతీ ఆఫీసులో పెడితే ఎస్సీ వాడ నుంచి, తండా నుంచి వచ్చేవాళ్లు గుమ్మం దగ్గరే నిలబడి పోతారు. వాళ్ల వాకిట్లో పెట్టుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

అడిగే తీరు ఇంకా ముఖ్యం. 'గోలీలు ఎందుకేసుకోలేదు?' అంటే మన దగ్గర అది తిట్టు కిందే లెక్క. అందరూ 'మర్చిపోయిన' అంటారు, మీరు 'మతిమరుపు 70 శాతం' అని గుండ్రటి పై (pie) చార్టు గీసుకుంటారు. దానికి బదులు 'నిన్న పొద్దున లేచినకాడి నుంచి చెప్పమ్మా, గోలీ ఏ యాళకు ఏసుకున్నవ్?' అని అడిగి ఊరుకోండి. ఒకామె ఇలా అనొచ్చు: 'ఒట్టి కడుపుల ఏస్తే మంటైతది, తిన్నంకనే ఏస్కుంట.' తినేది ఎక్కడ? పదకొండింటికి చేన్లో, సద్ది విప్పినప్పుడు. గోలీలు ఎక్కడ? ఇంట్లో, టీవీ పక్కన గూట్లో. రాత్రికి గుర్తుండదు. ఇక్కడ అసలు కారణం మతిమరుపు కాదు, గోలీ ఉన్నచోట అన్నం లేదు, అంతే. షుగర్‌కి ఇచ్చే మెట్‌ఫార్మిన్ అన్నంతోనో తిన్నాకో వేసుకోవాల్సిందే కనుక ఆమె పద్ధతి దానికి సరైనదే. బీపీకి ఇచ్చే ఆమ్లోడిపిన్‌కు తిండితో పని లేదు, రోజూ ఒకే వేళకి వేసుకుంటే చాలు. ఈ రెండు గోలీల మధ్య తేడాను ఆమెకు ఎవరైనా విడమర్చి చెప్పారా అన్నదే మీ మొదటి చుట్టుకు మంచి ఆరంభం కావచ్చు.

చర్య ఏదన్నది మీరు నిర్ణయించొద్దు, ఆ పదిమంది అనాలి. అయినా ఎంత చిన్నదిగా ఉండాలో తెలియడానికి ఒక నమూనా చెప్తాం. మొదటి చుట్టు: నెలలో ఒక రోజు పొద్దున ఆరున్నరకే ఆటోలు ఆగే చోట ఏఎన్ఎం గోలీలివ్వడం, రెండు రోజుల ముందు ఆశా ఆ వాడలో చెప్పిరావడం. ఇచ్చేది సిబ్బందే, మీరు ఒక్క షీట్ కూడా చేతికివ్వకూడదు. మెడికల్ ఆఫీసర్ ఒప్పుకోకపోతే ఈ చర్య లేదు. తొమ్మిదో వారం లెక్క చూస్తే ఇంకా ఎనిమిది మంది మిగిలారనుకోండి. వాళ్లెవరో చూడండి. ఇద్దరు పనికి హైదరాబాద్ పోయినవాళ్లు, ముగ్గురు మంచంలో ఉన్న ముసలివాళ్లు, ముగ్గురు బీపీ తగ్గిందని మానేసినవాళ్లు. ఈ మూడు గుంపులకూ పరిష్కారం ఒకటి కాదు. రెండో చుట్టుకు అందులో ఒక్క గుంపునే ఎంచుకోండి, మంచంలో ఉన్నవాళ్లనైతే ఇంకా మంచిది. వాళ్లకి గోలీలు తెచ్చిపెట్టే మనిషి ఎవరో పేరుతో సహా ఇంట్లోవాళ్లే నిర్ణయించి, దవాఖాన కార్డు మీద రాయించడం చర్య అవుతుంది.

డైరీ రోజూ రాత్రే రాయాలి. మూడు రోజులాగితే మీ ఊహ కలుస్తుంది. పేజీని నిలువుగా మడవండి, ఎడమ పక్క చూసింది, విన్నది, కుడి పక్క మీకు అనిపించింది. వాళ్ల మాటను పుస్తకం తెలుగులోకి మార్చొద్దు. 'మంటైతది' అన్నది 'జీర్ణాశయ అసౌకర్యం' అయ్యేసరికి ఆ మనిషీ పోతుంది, సంగతీ పోతుంది.

కంట్రోల్ గ్రూపు అక్కర్లేదు. అయితే దాని అవసరం ఎందుకొస్తుందో తెలుసుకోండి. జనవరికి పత్తి ఏరడం సన్నగిల్లుతుంది, జనం ఇళ్ల దగ్గర ఉంటారు, గోలీలు తీసుకునేవాళ్ల సంఖ్య దానంతటదే పెరగొచ్చు. మీ చర్య వల్లే పెరిగిందని ఎలా చెబుతారు? రిజిస్టరులో నిరుడు నవంబరు, డిసెంబరు, జనవరి నెలలు తీసి పక్కన పెట్టండి. నిరుడు కూడా జనవరిలో ఇంతే పెరిగి ఉంటే నిజాయితీగా అదే రాయండి. 30 మందికి పి వాల్యూ, కై స్క్వేర్ లాంటి గణాంక పరీక్షలు వద్దు, శాతాలు కూడా వద్దు. '30 మందిలో ముందు 13, తర్వాత 21' అన్నట్టు మనుషుల లెక్కలోనే చెప్పండి. వారంవారం అంకెతో ఒక గీత గీసి, చర్య మొదలైన చోట నిలువు గీత పెడితే చూసేవాళ్లకి చాలా అర్థమవుతుంది. అంకె కదలకపోతే మార్కులు పోతాయన్న భయం వద్దు. ఎందుకు కదల్లేదో చూపించిన రిపోర్టు, ఊరికే పెరిగిందన్న రిపోర్టు కంటే పై మెట్టులో ఉంటుంది.

ఆశా కార్యకర్త సంగతి. ఆమె లేకుండా చేయలేరు, చేయకూడదు కూడా. ముభావానికి కారణం మీరు కాకపోవచ్చు. ఆమె చేతిలో ఇప్పటికే బోలెడు రిజిస్టర్లు, సర్వేలు ఉంటాయి, దానికి తోడు ప్రతి ఏడూ ఒక విద్యార్థి వచ్చి ఇల్లిల్లూ చూపించమంటాడు, రిపోర్టు రాసుకుని వెళ్తాడు, మళ్లీ కనపడడు. మొదట్లోనే ఆమెను ఏమీ అడగకండి. ఆమె తిరిగే దారిలో రెండు రోజులు వెంట తిరగండి, సంచి మోయండి. మూడో రోజు 'అక్కా, ఈ గోలీల పనిల నీకు తలనొప్పి ఏంది?' అని అడగండి. ఆమె చెప్పింది మీ ప్రశ్నకు దగ్గరగా లేకపోతే మీ ప్రశ్నే మార్చుకోండి. ఆమెకు కొత్త రిజిస్టరు ఒక్కటి కూడా పెట్టొద్దు, రాయాల్సింది మీరు రాసుకోండి. రిపోర్టులో ఆమె పాత్రను 'సహకరించారు' అని ఒక్క ముక్కలో తేల్చొద్దు, ఏ నిర్ణయం ఆమెదో ఆ నిర్ణయం దగ్గరే రాయండి.

ఖర్చు పెద్దగా ఉండదు. 30 మందికి సమ్మతి పత్రం రెండేసి ప్రతులు, ఒక్కోటి రెండు పేజీలు, అంటే 120 పేజీల జిరాక్స్. రెండు సమావేశాలకి చాయ్, బిస్కెట్లు. పల్లెవెలుగు బస్సు ఆడవాళ్లకి ఎలాగూ ఉచితం. వచ్చినందుకు ఎవరికీ డబ్బులివ్వొద్దు, ఇస్తే మీరు పోయాక ఏఎన్ఎం పిలిచినా రారు. ఆఖరి వారం ఒక పేజీ తెలుగు కాగితం పట్టుకెళ్లి అదే వాకిట్లో చదివి వినిపించండి, అందులో ఎవరి పేరూ ఉండకూడదు. పొద్దున గోలీలిచ్చే రోజు ఫిబ్రవరిలోనూ ఉంటుందా, ఉంటే ఎవరు చెప్పిరావాలి అన్నది అప్పుడే తేల్చండి.

ఎథిక్స్ కమిటీకి కాగితాలు మాత్రం ఈ వారమే ఇవ్వండి. దసరా సెలవుల్లో కమిటీ కూర్చోదు, సెలవుల తర్వాత ఇస్తే మీ 14 వారాల్లో మూడు అక్కడే కరిగిపోతాయి.